ఆటిజం ఉన్న టీనేజీ పిల్లలు బడికి వెళ్లలేకపోతే: చదువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండు, పదమూడేళ్లు దాటాక ఒక్కసారిగా బడి ఆగిపోతే ఇంట్లో ముందుగా పుట్టేది కంగారు. ఆ కంగారులో తీసుకున్న నిర్ణయాలే తర్వాత ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అందుకే కింది జవాబులన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. ముందు పిల్లలు కోలుకోవాలి. అదే సమయంలో పెద్దవాళ్లు కాగితాలు సరిచూసుకోవాలి. పాఠాల సంగతి ఆ తర్వాత.

మా అబ్బాయి బడికి వెళ్లనంటున్నాడు. ఇది మొండితనమా, నిజంగానే వెళ్లలేకపోతున్నాడా?

రాత్రే సంచి సర్దుకుంటాడు. పొద్దున లేచి యూనిఫాం వేసుకుంటాడు. ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుండిపోతాడు. అరగంటైనా ఆ బూటు కాలికెక్కదు. ఏమైందని అడిగితే మాట రాదు, గట్టిగా అడిగితే ఏడుపో అరుపో వస్తుంది. ఇలాంటి పిల్లవాడికి వెళ్లాలనే ఉంటుంది, ఒళ్లు సహకరించదు. సరదాకి బడి ఎగ్గొట్టే పిల్లలు ఆ సంగతి ఇంట్లో తెలియకుండా జాగ్రత్తపడతారు. వీళ్లు మీ కళ్లెదుటే ఉండి నలిగిపోతుంటారు. ఆదివారం సాయంత్రం మొదలయ్యే కడుపునొప్పి, సెలవులివ్వగానే మాయమయ్యే తలనొప్పి చూసి నాటకాలనుకోకండి. ఆందోళన ఒంట్లో అలాగే బయటపడుతుంది, ఆ నొప్పి నిజమైన నొప్పే.

బడికి దూరమయ్యే పిల్లల్ని దశాబ్దాలుగా పరిశీలించిన అమెరికన్ మనస్తత్వవేత్త క్రిస్టఫర్ కెర్నీ కారణాలను నాలుగు రకాలుగా చూడమంటారు: బడిలో బాధపెట్టేవాటి నుంచి తప్పించుకోవడం, నలుగురి ముందు తమను అంచనా వేసే సందర్భాల నుంచి తప్పించుకోవడం, ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండాలనుకోవడం, బడి బయట ఇంకేదో ఆకర్షించడం. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో మొదటి రెండింటినీ ముందు వెతకండి. "ఎందుకు వెళ్లవు?" అంటే చాలామంది చెప్పలేరు. తమ లోపల ఏం జరుగుతోందో పేరు పెట్టి చెప్పడమే వాళ్లకు కష్టం. దానికి బదులు బడి పటం ఒకటి గీసివ్వండి. ఫర్వాలేదనిపించే చోట ఒక రంగు, భరించలేని చోట ఇంకో రంగు వేయమనండి. భోజనాల హాలు, మెట్ల మీద తోపులాట, ఎవరో కాపుకాసే టాయిలెట్ ఇలా ఆ కాగితం మీదికి వస్తాయి.

చిన్న తరగతుల్లో బాగానే చదివింది కదా, ఇప్పుడేమైంది?

చిన్న తరగతుల్లో ఒకటే గది, ఒకరో ఇద్దరో టీచర్లు. పెద్ద తరగతుల్లో గంటకో టీచరు, ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి, గంట మోగినప్పుడల్లా రద్దీ. స్నేహాల్లో పైకి చెప్పని నియమాలు పెరుగుతాయి. టీనేజీలో నిద్ర పట్టే వేళ కూడా ఆలస్యమవుతుంది. ఎవరికైనా ఇది మామూలే, కానీ ఆటిజం ఉన్నవాళ్లలో నిద్ర సమస్యలు ముందే ఎక్కువ. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తాకడాన్ని 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 ఆటిజం లక్షణాల్లో చేర్చింది. ట్యూబ్‌లైటు సన్నటి మోత మనకు వినిపించనైనా వినిపించదు. ఆ మోతను రోజంతా వింటూ పాఠం వినడం ఎంత శ్రమో ఒక్కసారి ఊహించండి.

దీనికి తోడు, అందరిలా కనిపించడానికి పడే పాట్లు. ముఖ్యంగా అమ్మాయిలు తోటివాళ్ల నవ్వును, మాటతీరును చూసి నేర్చుకుని నెట్టుకొస్తారు. టీచర్లు "మా దగ్గర చక్కగా ఉంటుందండీ" అంటారు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఏం జరుగుతుందో మీకే తెలుసు. ఏళ్ల తరబడి ఇలా లాగాక వచ్చే దశను ఆటిజం ఉన్న పెద్దలు "ఆటిస్టిక్ బర్నౌట్" అన్నారు. డోరా రేమేకర్ బృందం 2020లో ఆ అనుభవాలను అధ్యయనంగా ప్రచురించింది: నెలల తరబడి వదలని అలసట, అంతకుముందు చేతనైన పనులు చేతకాకపోవడం, శబ్దాల వంటివాటిని తట్టుకునే శక్తి తగ్గిపోవడం. మీ అమ్మాయి ఉన్నట్టుండి తల దువ్వుకోవడం కూడా మానేసిందంటే బద్ధకమని తేల్చేయకండి.

డాక్టరుకు చూపించాలా?

చూపించండి. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ తొలిసారి బయటపడే వయసుల్లో టీనేజీ ఒకటి. కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, ఆ తర్వాత ఏమీ గుర్తులేకపోవడం ఉంటే తప్పకుండా చెప్పండి. కదలికలు బాగా నెమ్మదించడం, తలుపు దగ్గరో మంచం దగ్గరో బిగుసుకుపోయి నిలబడటం కొత్తగా మొదలైతే అది కెటటోనియా కావచ్చు, దానికి చికిత్స ఉంది. చావు గురించి మాట్లాడినా, తనను తాను గాయపరచుకుంటున్నా ఆగకుండా అదే రోజు వైద్యసాయం తీసుకోండి. ఈ చూపించడంలో ఇంకో లాభం ఉంది. బడికి ఎందుకు వెళ్లలేకపోతున్నారో డాక్టరు రాసిచ్చిన కాగితం ముందుముందు ప్రతి ఆఫీసులోనూ అడుగుతారు.

చదువు పూర్తిగా ఆపేయొచ్చా? ఎన్నాళ్లు?

ఆపొచ్చు. గడువు మాత్రం ముందే పెట్టుకోకండి. "నెల విశ్రాంతి, ఒకటో తారీకు నుంచి టైంటేబుల్" అంటే పిల్లలు ఆ నెలంతా ఒకటో తారీకునే తలుచుకుంటూ గడుపుతారు. క్యాలెండరు బదులు పిల్లల్ని చూడండి. నిద్ర కొంచెం కుదుటపడుతుంది. తిండి పెరుగుతుంది. వదిలేసిన బొమ్మలో, పటాలో, కోడింగో మళ్లీ బయటికొస్తాయి. ఒకరోజు తనంతట తనే మీ దగ్గరకొచ్చి ఏదో ఒకటి చెబుతుంది లేదా అడుగుతుంది. ఆ రోజు వెంటనే పుస్తకం తెరవకుండా, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి ఊరుకోండి.

ఈ దశలో గంటలకొద్దీ గేమ్‌లు, ఒకటే వీడియో పదేపదే చూడటం కనిపిస్తుంది. ఓడితే మళ్లీ ఆడొచ్చు, నియమాలు మారవు, ఎవరూ మొహం చిట్లించరు. బడిలో దొరకని భద్రత అక్కడ దొరుకుతోంది. నిద్రను మింగేయనంత వరకు నేనైతే ఈ దశలో దానితో పోరాటం పెట్టుకోమని చెప్పను.

ఈలోగా బడిలో పేరు కొట్టించేయమంటారా?

వద్దు. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఇదే. కొన్ని బడులు "మీరే మాన్పించేస్తే ఇద్దరికీ మంచిది" అని మెల్లగా అంటాయి. ఒక సంతకంతో వాళ్ల బాధ్యత తీరిపోతుంది, మీకు రావలసిన సాయం ఆగిపోవచ్చు. ఉదాహరణకు ఇంగ్లండులో తల్లిదండ్రులు తమంతట తామే బడి మాన్పించి ఇంట్లో చదివిస్తామంటే ఖర్చంతా సాధారణంగా వాళ్ల మీదే పడుతుంది. ప్రత్యామ్నాయం ఏమిటో రాతపూర్వకంగా చేతికొచ్చాకే సంతకం చేయండి.

అప్పటిదాకా ఒక నోటుబుక్కు పెట్టండి. తారీకు, ఆ పొద్దున ఏం జరిగింది, బడికి ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, ఇంతే. ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ ఆ సాయంత్రమే "ఈ రోజు మీరు ఇలా చెప్పారు, సరిగ్గానే అర్థం చేసుకున్నామా?" అని మెయిల్ పెట్టండి. బడికి రాసే మొదటి ఉత్తరంలో మూడు సంగతులుంటే చాలు: గైర్హాజరు ఆరోగ్య కారణాల వల్లేనని, ఇప్పుడు బలవంతంగా పంపితే హాని అని, ఇంటి దగ్గర ఏ చదువు ఏర్పాటు చేయగలరో తెలపమని. కోపం ఎంతున్నా ఉత్తరంలో చూపించకండి. రేపు దాన్ని చదివే మూడో మనిషి కోసం రాస్తున్నామనుకోండి.

చట్టం మా వైపు ఉందా?

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 24వ అధికరణం చదువును హక్కుగా గుర్తించింది. ఆచరణ మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది.

భారతదేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, ఎంచుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంటుంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువును ఎంచుకునే హక్కు ఇచ్చింది. ఆ చట్టం 14 ఏళ్ల వరకే వర్తిస్తుందని మరిచిపోవద్దు.

అమెరికాలో వికలాంగ పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ చట్టం కింద అర్హత ఉన్న ప్రతి పిల్లవాడికీ ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలి. బడికి రాలేని స్థితిలో టీచరును ఇంటికి పంపే ఏర్పాటునూ అందులో రాయించవచ్చు. నామమాత్రపు పురోగతి చాలదని, పిల్లవాడి పరిస్థితిని బట్టి తగినంత పురోగతి సాధించేలా ప్రణాళిక ఉండాలని 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసులోని పిల్లవాడికీ ఆటిజమే. ఇంగ్లండులో 1996 విద్యా చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం అనారోగ్యం వల్ల బడికి రాలేని పిల్లలకు తగిన చదువు ఏర్పాటు చేయడం స్థానిక సంస్థ బాధ్యత. బడి బయటే పూర్తి చదువు ఏర్పాటుకు 2014 పిల్లలు, కుటుంబాల చట్టంలోని 61వ సెక్షన్ దారి ఇస్తుంది. జర్మనీలో మాత్రం ఇంటి చదువుకు దాదాపు అనుమతే లేదు. అందుకే వేరే దేశంలోని బంధువులు చెప్పిన పద్ధతిని ఉన్నది ఉన్నట్టుగా పాటించకండి.

మా ముందున్న దారులేమిటి?

బడిని పూర్తిగా వదలకుండా రోజుకు ఒకటి రెండు పీరియడ్లకే వెళ్లడం, చిన్న బడికో ప్రత్యేక పాఠశాలకో మారడం, బడి తరఫున ఇంటికి టీచరు రావడం, ఆన్‌లైన్ బడి, ఓపెన్ స్కూల్ లేదా దూరవిద్య, తల్లిదండ్రులే చదివించడం, ఏదైనా వృత్తి నేర్చుకోవడం. వీటిలో ఒక్కటే ఎంచుకోనక్కర్లేదు. లెక్కలు ఆన్‌లైన్లో, భాష ఇంట్లో, వారానికోసారి వడ్రంగి పనో కుండల పనో నేర్చుకునే పిల్లలున్నారు.

కొద్దిపాటి పీరియడ్ల పద్ధతి గురించి ఒక హెచ్చరిక. "ఈ వారం ఒక గంట, వచ్చే వారం రెండు" అని తారీకుల ప్రకారం పెంచుకుంటూ పోతే మళ్లీ కూలిపోతుంది. ఒక గంట తేలికైందని పిల్లలే చెప్పాక పెంచాలి. ప్రత్యేక పాఠశాల చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీది చార్టుల కంటే విరామ సమయాన్ని చూడండి. ఒక పిల్లవాడు చెవులు మూసుకున్నప్పుడు అక్కడి పెద్దలు ఏం చేస్తారో చూస్తే ఆ బడి ఏమిటో తెలుస్తుంది.

సరైన చోటు దొరికితే ఎంత తేడా వస్తుందో ఆటిజం ఉన్న అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ జీవితం చెబుతుంది. ఏడిపించిన అమ్మాయి మీద పుస్తకం విసిరినందుకు ఆమెను 14 ఏళ్ల వయసులో బడి నుంచి పంపేశారు. తర్వాత చేరిన చిన్న బోర్డింగ్ స్కూల్లో గుర్రాల పని దొరికింది, విలియం కార్లాక్ అనే సైన్సు మాస్టారు ఆమె పిచ్చి ఆసక్తులనే ప్రయోగాలుగా మలిచారు. ఆమె 1989లో పశుశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

ఆన్‌లైన్ బడి సరిపోతుందా?

కొందరికి బ్రహ్మాండంగా సరిపోతుంది. రద్దీ లేదు, వాసనలు లేవు, తన గది, తన కుర్చీ. అయితే ఇరవై మొహాలు ఒకేసారి తెర మీద కనిపించడం మరికొందరికి తరగతి గది కంటే కష్టం. చేర్చేముందు ఇవి అడగండి: కెమెరా ఆపుకోవచ్చా? మాట్లాడకుండా టైపు చేసి జవాబివ్వొచ్చా? పాఠం రికార్డింగ్ తర్వాత చూసుకోవచ్చా? ఒక్క సబ్జెక్టుతో మొదలుపెట్టొచ్చా? "అందరికీ ఒకే నియమమండీ" అన్నారంటే వేరేది వెతకండి. డబ్బు కట్టేముందు ఖాన్ అకాడమీ లాంటి ఉచిత పాఠాలతో తెర మీద నేర్చుకోవడం తనకు పడుతుందో లేదో చూసుకోవచ్చు.

ఇంట్లో చదివించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

తొమ్మిది గంటలకు బెల్లు, నల్లబల్ల, ఆరు పీరియడ్లు పెట్టి ఇంట్లో చిన్న బడిని కట్టకండి. ఏది భరించలేక వచ్చేశారో అదే మళ్లీ ఎదురవుతుంది. ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుని నేర్చుకునేదానికి రోజుకు గంట, మహా అయితే గంటన్నర చాలు.

మొదలు ఎప్పుడూ తన ఆసక్తి దగ్గరే. డైనా మర్రే, వెన్ లాసన్, మైక్ లెసర్ 2005లో రాసిన వ్యాసంలో ఆటిజం ఉన్నవారి ధ్యాస కొన్ని విషయాల్లోకే లోతుగా పారుతుందన్నారు. ఆ ఆలోచనకు మోనోట్రోపిజం అని పేరు. లోపల మునిగి ఉన్నవాళ్లను బలవంతంగా బయటికి లాగితే బాధ, అదే ప్రవాహంలో పాఠం కలిపితే ఆశ్చర్యపోయేంత చదువు. రైళ్లంటే పిచ్చి ఉన్న పిల్లవాడికి టైంటేబులే లెక్కల పుస్తకం. రెండు స్టేషన్ల మధ్య దూరం, పట్టిన సమయం చూస్తే సగటు వేగం. ఎక్కడ ఎక్కువసేపు ఆగుతుంది, ఎందుకు అని అడిగితే భూగోళం. ఆలస్యమైన రైలు గురించి రైల్వేకు ఫిర్యాదు రాయమంటే భాషాపాఠం. మీరు "ఇప్పుడు మ్యాథ్స్" అనకపోతే అది మ్యాథ్స్ అని తనకు తట్టకపోవచ్చు, ఫర్వాలేదు.

ఆసక్తిలో ఇమడని పాఠాలూ ఉంటాయి. అప్పుడు పేజీని చిన్నది చేయండి. పది లెక్కలున్న కాగితం చూడగానే తల పక్కకు తిప్పేసే పిల్లవాడు, అందులోంచి కత్తిరించి టేబులు మీద పెట్టిన ఒక్క లెక్కను చేసేస్తాడు. పక్కనే ఇంకో ముక్క పెట్టి, ఏమీ అనకుండా మీ పని మీరు చేసుకోండి. "చెయ్యి" అన్న మాట వినగానే బిగుసుకుపోయే పిల్లలతో ఆజ్ఞలు తగ్గించి, "ఈ రెండోది నాకు అంతుపట్టట్లేదు" అని పైకి అనుకుంటే చాలాసార్లు వాళ్లే దగ్గరికొస్తారు.

రాయడం దగ్గర ఆగిపోతే టైపింగో, నోటితో చెప్పి రికార్డు చేయడమో పెట్టండి. చేతిరాత కష్టం వల్ల చరిత్ర ఆగిపోకూడదు. ఏ రోజు ఏం చేశారో ఫొటోతో సహా దాచండి, రేపు అధికారులు అడిగితే అదే రుజువు.

మా పాప మాట్లాడదు. తనకు పాఠాలేం చెప్పాలి?

మాట రాకపోవడాన్ని అర్థం కాకపోవడంగా తీసుకోవద్దు. బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో గొంతు పలికించే యాప్‌లు, టైపింగ్ వంటివి వాడితే మాట రావడం ఆగిపోతుందన్నది అపోహ. స్పీచ్ థెరపిస్టుతో కలిసి తన చేత్తో తనే వాడగలిగే పద్ధతి ఎంచుకోండి. పెద్దవాళ్లు చేయి పట్టుకుని టైపు చేయించే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ వద్దు. ఆ మాటలు పిల్లలవి కావని, చేయి పట్టుకున్నవాళ్లవని పరీక్షల్లో తేలింది. ఇక పాఠాలంటారా, చిన్న పిల్లల రైమ్స్ దగ్గరే ఆపేయకండి. పద్నాలుగేళ్ల అమ్మాయికి పద్నాలుగేళ్ల వయసు కథలు, నక్షత్రాలు, వార్తలు చదివి వినిపించండి. నెలసరి, ఒంటి మార్పులు, ఎవరు ముట్టుకోవచ్చు ఎవరు ముట్టుకోకూడదు అన్నవి తప్పనిసరి పాఠాలు.

సర్టిఫికెట్ లేకపోతే రేపు ఎలా?

బడికి వెళ్లకుండా పరీక్ష రాసే దారులు చాలా దేశాల్లో ఉన్నాయి. భారతదేశంలో 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, వాటిలో పెద్దది. పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. ఐదేళ్ల వ్యవధిలో ఒక్కో సబ్జెక్టు చొప్పున కూడా పూర్తి చేసుకోవచ్చు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. ఒక్కసారే ఆరు పరీక్షలు భరించలేని పిల్లలకు ఈ ఒక్క సదుపాయమే కొండంత అండ. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈని కొన్ని కేంద్రాల్లో ప్రైవేటు అభ్యర్థిగా రాయొచ్చు. అమెరికాలో నాలుగు పరీక్షల జీఈడీ ఉంది. ఫ్రాన్సులో 1939 నుంచి సీఎన్‌ఈడీ, న్యూజిలాండ్‌లో 1922 నుంచి ఇప్పటి తె కురా దూరవిద్య నడుపుతున్నాయి.

వేరే గది, అదనపు సమయం, విరామాలు, రాసిపెట్టే సహాయకుడు ఇలాంటి సౌకర్యాలకు దరఖాస్తు పరీక్ష ఫీజుతోపాటే, వీలైతే అంతకంటే ముందే పెట్టండి. భారతదేశంలో 2018లో వచ్చిన మార్గదర్శకాలు సహాయకుడితో రాసేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి. పరీక్షకు ముందు ఒకరోజు ఆ కేంద్రానికి తీసుకెళ్లి గది, టాయిలెట్, కూర్చునే చోటు చూపించి రండి.

స్నేహితులు లేకుండా పెరుగుతాడేమో?

బడిలో ముప్పై మంది మధ్య ఉన్నప్పుడు ఎంతమంది స్నేహితులున్నారో ముందు గుర్తు తెచ్చుకోండి. తనూ ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో చెప్పినదేమిటంటే, అపార్థం రెండు వైపులా ఉంటుంది. వాళ్లకు మనం ఎంత అర్థం కామో, మనకు వాళ్లూ అంతే. ఆటిజం ఉన్నవాళ్లు తమలాంటి వాళ్లతో చక్కగానే కలిసిపోతారని తర్వాతి అధ్యయనాలు చూపాయి. కాబట్టి వయసు లెక్క చూడకుండా ఆసక్తి కలిసేవాళ్లను వెతకండి. చెస్ క్లబ్బు, పక్షుల్ని చూసే బృందం, పెద్దలు నడిపే రోబోటిక్స్ గ్రూపు ఏదైనా సరే. వారానికి ఒక్క మనిషి, ఒక్క గంట చాలామందికి సరిపోతుంది. ఆన్‌లైన్ స్నేహాలూ స్నేహాలే, ఎవరితో అన్నది మీకు తెలిసి ఉండాలి.

మా ఇద్దరివీ ఉద్యోగాలు. ఎలా?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. చాలా ఇళ్లలో ఆ బరువు అమ్మ ఉద్యోగం మీదే పడుతుంది, నాకది న్యాయంగా అనిపించదు. పని వేళలు మార్చుకోగలరా, ఇంటి నుంచి చేయగలరా అని ఇద్దరూ అడగండి. నేర్చుకునేది గంటే కాబట్టి అది సాయంత్రమైనా, శనివారమైనా కావొచ్చు. మిగతా సమయానికి కావలసింది టీచరు కాదు, తనతో ప్రశాంతంగా ఉండగల మనిషి.

మళ్లీ ఎప్పటికైనా బడికి వెళ్తుందా?

కొందరు వెళ్తారు, కొందరు నేరుగా కాలేజీలోనో వృత్తి శిక్షణలోనో చేరతారు. ఆ మాట తనే ఎత్తితే, మొదటిసారి ఏది కూలదోసిందో అది మారిందా అని చూడండి. అదే గది, అదే శబ్దం, అదే ఏడిపించే గుంపు ఉంటే కోలుకున్న శక్తంతా నెలలో హరించుకుపోతుంది. ఖాళీగా ఉన్న బడిని ముందు చూసి రావడం, ఒక్క టీచరును కలవడం, ఎప్పుడంటే అప్పుడు బయటికి వచ్చేయొచ్చన్న కార్డు చేతిలో ఉండటం వంటివి రాతలో ఒప్పించుకున్నాకే పంపండి.

పద్దెనిమిది వచ్చేసరికి ఏమీ పూర్తికాకపోతే?

చదువుకు ఆ వయసు చివరి మెట్టు కాదు. ఇంగ్లండులో ప్రత్యేక అవసరాలున్నవాళ్ల చదువు, ఆరోగ్యం, సంరక్షణకు రాసే ఈహెచ్‌సీ ప్లాన్ 25 ఏళ్ల వరకు ఉండొచ్చు. అమెరికాలో ప్రత్యేక విద్య సాధారణంగా 21 ఏళ్ల వరకు అందుతుంది, బడి తర్వాతి జీవితానికి ప్రణాళిక 16 ఏళ్లకల్లా ఐఈపీలో ఉండాలి. ఎన్ఐఓఎస్‌లో వయసు మీరడమన్నదే లేదు. భారతదేశంలో ఉంటే 18 నిండాక బ్యాంకు, ఆస్తి, వైద్యం విషయాల్లో నిర్ణయాలకు తోడు అవసరమయ్యే పిల్లల కోసం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ ఉంది. అది నిజంగా అవసరమా, ఎంతవరకు అవసరమన్నది ఆ పుట్టినరోజుకు ముందే తనతో కూర్చుని మాట్లాడండి. ఇప్పటిదాకా దాచిన నివేదికలు, ఉత్తరాలు, వైకల్య ధ్రువపత్రం, పరీక్ష సౌకర్యాల మంజూరు కాగితాలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో తనకూ చూపించండి.